నేను తీసేసిన వేపమండ

చదువుకున్న కోడలు ఉంది కాబట్టే బిడ్డ తొందరగా కోలుకుందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం నేను రాయకపోతే ఎవరూ రాయరు.

నా బడి పదో తరగతితో ఆగింది. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పని చేస్తూ, సెలవు దొరికితే అఫ్జల్‌గంజ్ వెళ్లి గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. కలరా, ప్లేగు, మశూచి గురించి దొరికినవన్నీ చదివాను. అంటురోగాల సంగతి నాకు తెలుసని గర్వం.

నాంపల్లిలో మా కిరాయి ఇంట్లో మా ఏడేళ్ల బిడ్డకు ఆటలమ్మ పోసింది. అత్తమ్మ గుమ్మానికి వేపమండ కట్టి, కూరలో పోపు మానేసింది. ఇది వైరస్ అని, ఆకులకు పోదని చెప్పి నేను ఆ మండ తీసేశాను.

“తీస్తే తీసినవ్ గని, వచ్చేటోళ్లకు ఎట్ల ఎరుకైతదే?” అంది అత్తమ్మ. నేను పట్టించుకోలేదు.

మరునాడు నేను స్నానం చేసి వచ్చేసరికి బిడ్డ తల పక్క వాటా అమ్మాయి ఒడిలో ఉంది. పొక్కులు ఇంకా ముఖానికి ఎక్కలేదు; ఉత్త జ్వరమనుకుని జడ వేస్తోంది. ఆమెకు అయిదో నెల.

వెంటనే ఆ అమ్మాయిని దవాఖానకు తీసుకెళ్లాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని డాక్టరమ్మ అడిగింది. పోసి ఉంటే భయం లేదట, లేకపోతే కడుపులో బిడ్డకూ ముప్పేనట. ఆ అమ్మాయికి గుర్తు లేదు. ఆమెను పెంచిన తల్లి బతికి లేదు. రక్తం తీసుకుని రెండు రోజులు ఆగమన్నారు.

ఆ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు. ప్లేగు ఇళ్ల తలుపులకు గుర్తులు పెట్టేవారని చదివి మెచ్చుకున్నదాన్ని, మా గుమ్మానికున్న గుర్తును నా చేత్తోనే పీకేశాను. రెండో రోజు సాయంత్రం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, మండ తీసింది నేనేనని చెప్పాను.

“నిన్ననే చెప్పింది మీ అత్తమ్మ,” అంది. “గిన్ని పుస్తకాలల్ల గిదొక్కటి రాయలేదా అక్కా? జర కూసో, ముందుగాల తిను.” అన్నం కలిపి నా చేతిలో పెట్టింది. ఇద్దరం ఏడ్చాం.

పొద్దున రిపోర్టు వచ్చింది. ఆమెకు ఎప్పుడో పోసి పోయిందట, భయం లేదన్నారు. తరువాత పాప ఆరోగ్యంగా పుట్టింది.

పేర్లు రాయవద్దన్నారు కాబట్టి ఇలాగే చెప్పుకుంటాను. విసుక్కోకుండా నా ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చిన డాక్టరమ్మకు, పై అరల్లోని పాత పుస్తకాలు దించి ఇచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, నన్ను ఒక్క మాట దెప్పని అత్తమ్మకు, ఆకలితో ఉన్నానని కనిపెట్టిన ఆ చెల్లెకు నా దండాలు.