తడి సున్నం మీద పసుపు

నా బొమ్మల్లో చెట్టూ చేమా ఉండవు, మనుషులూ ఉండరు. రంగులే ఉంటాయి. ముందు చెక్కకి మసి పూస్తాను. అది ఆరాక ఎర్రటి జాజు, దాని మీద నీలిమందు, అన్నిటికన్నా పైన పల్చగా సున్నం. సున్నం తడి ఆరకముందే పాత చాకుతో అక్కడక్కడా గీకుతాను. కింది రంగుకి బుద్ధి పుడితే పైకి తొంగి చూస్తుంది, లేకపోతే లేదు. పై రంగు కింది రంగుని చంపకూడదు, దుప్పటిలా కప్పాలంతే అని చూడవచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాను. ఏదైనా మరక పడితే తుడవకూడదనీ, అదీ ఒక పొరేననీ కూడా చెబుతాను. చెప్పడానికేం, నోరు మనదేగా.

కొవ్వూరులో మా ఇంటి వెనక వసారాలోనే నా పని. మా అత్తగారి మంచమూ అక్కడే. బళ్లో డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక నేనీ బొమ్మలు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లలో ఆవిడ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఒక్కసారి మాత్రం, గోడ పెచ్చులూడినట్టుందమ్మా అన్నారు. అసలే ఉడుకుమోతుదాన్ని, రెండు రోజులు మూతి ముడుచుకు తిరిగాను. ఊరంతా మెచ్చుకోకపోయినా ఫరవాలేదు గానీ, రోజూ ఎదురుగా కూర్చునే మనిషికి నాది కూడా ఒక పనేనని అనిపించాలని నాకు మహా ఆశగా ఉండేది.

పోయినేడు రాజమండ్రిలో ప్రదర్శనకి మొదటిసారి నా బొమ్మ తీసుకున్నారు. పొద్దున్నే ఆటోలో వంతెన దాటించాలి. ముందురోజు మధ్యాహ్నం చివరి పూత వేసి, గీకడం పూర్తిచేసి, చెక్కని వసారాలో నిలబెట్టి, అట్టపెట్టెల కోసం సందు చివర కొట్టుకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అత్తగారు బొమ్మ ముందు వంగి ఉన్నారు. చేతిలో పసుపు, కుంకుమ గిన్నెలు. మూడు మూలలా పసుపు రాసి బొట్లు పెట్టేశారు. మా వైపు ఫ్రిజ్జు కొన్నా బండి కొన్నా పసుపూ కుంకుమా పెట్టందే వాడరు, అది తెలిసిందే. కానీ తడి సున్నానికి పసుపు తగిలితే ఏమవుతుందో పారాణి కలిపిన ఎవరికైనా తెలుసు. మూడు మూలలూ ఎర్రబడి కిందికి చారలు కట్టాయి.

"ఏంటండీ ఈ పని? మూణ్ణెల్ల కష్టం" అని అరిచేశాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. తుడవకూడదని ఊరందరికీ చెప్పినదాన్ని, కొంగుతోనే తుడవబోయాను.

ఆవిడ గిన్నెలు పట్టుకుని పక్కకి జరిగారు. గొంతు పెంచలేదు.

"రేపు గడప దాటుతోంది కదమ్మా, బోసిగా ఎలా పంపుతాం? పని హడావుడిలో నువ్వు మర్చిపోతావనుకున్నాను. నేను పెట్టకూడదని తెలుసు. ఇంట్లో ఎవరూ లేరు కదా అని పెట్టాను."

నా చెయ్యి ఆగిపోయింది. మామగారు పోయిన పదకొండేళ్లలో ఆవిడ ఏ శుభకార్యంలోనూ ముందుకి రాలేదు. మనవరాలి పెళ్లిలో ఎంత బతిమాలినా వెనక వరసలోంచే అక్షింతలు వేశారు. సొంత కొడుకు కారు కొని బొట్టు పెట్టమన్నా లోపలికి వెళ్లిపోయిన మనిషి, నా చెక్కకి పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. కొంగు వదిలేశాను.

"నాలుగో మూల కూడా మీరే పెట్టండి అత్తయ్యగారూ."

వద్దులేమ్మా, ఇప్పటికే పాడైంది అన్నారు. నేను గిన్నెలు అందుకుని ఆవిడ ముందు పట్టుకుని నిలబడ్డాను. కాసేపు నా మొహంలోకి చూశారు. తరవాత పమిట సర్దుకుని, తొందరపడకుండా నాలుగో మూల పసుపు రాసి, ఉంగరపు వేలితో బొట్టు పెట్టారు.

వేలికి ఇంకా కాస్త కుంకుమ మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఆ వేలిని అలాగే గాల్లో పట్టుకుని చూస్తున్నారు.

నేను వంగి నుదురు ముందుకి పెట్టాను.