బాల్కనీలోంచి క్రేన్ సైగలు

మా మావగారు పోయారు. సరిగ్గా చెప్పాలంటే మాజీ మావగారు. ఆ చుట్టరికానికి ఏ శుభలేఖలోనూ చోటుండదు. అయినా కబురు నాకు వచ్చింది. ద్వారకా నగర్‌లో నేను పనిచేసే జిరాక్స్ షాపులో కోచింగ్ పిల్లల నోట్సు తీస్తుంటే నా కూతురి తల్లి ఫోన్ చేసింది. విడాకులయ్యాక ఆమె తనంతట తాను నాకు ఫోన్ చెయ్యడం అదే మొదలు. "నాన్న పోయాడు" అంది. మిషన్ దారిన మిషన్ కాగితాలు వదులుతూనే ఉంది.

ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి అక్కడ అంతా చేతి సైగలే. ఇంట్లో కూడా ఆయనకి ఆ అలవాటు పోలేదు. అరచెయ్యి చాపి అడ్డంగా ఊపితే ఆపమని. చూపుడు వేలు నేలకి చూపి గుండ్రంగా తిప్పితే దించమని. కూర చాలన్నా, టీవీ గొంతు తగ్గించమన్నా ఇవే. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత మా ఇద్దరి గొడవల మధ్య ఆయన ఎన్నిసార్లు అరచెయ్యి ఊపారో. మేమే ఆగలేదు.

విడాకుల కాగితంలో పాపకి నెలనెలా నేనెంత ఇవ్వాలో స్పష్టంగా ఉంది. పాపని ఎప్పుడు చూడాలో మాత్రం 'ఇరువురి సౌలభ్యం మేరకు' అని ఉంది. ఆ సౌలభ్యం ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నేను డబ్బు బ్యాంకులో వేసి ఊరుకునేవాణ్ణి. కొన్ని నెలలు చూసి ఆయనే ఫోన్ చేశారు.

"డబ్బులు ఒత్తన్నాయి అల్లుడూ. మడిసేడీ? గుంటకి బ్యాంకు మొహం సూపించమంటావేటి?"

"విడాకులయిపోనాయి కదా మావయ్యా, ఇంకా అల్లుడేటి?"

"నీకూ మా అమ్మాయికీ అయిపోనాయి. నాకవనేదు."

అలా మొదలయ్యాయి నెలనెలా మా మొదటి ఆదివారాలు. చర్చి అయ్యాక మద్దిలపాలెంలో బస్సు దిగి, వాళ్ల సందు మొదట్లో టీ బడ్డీ దగ్గర నిలబడేవాణ్ణి. మేడ మీద బాల్కనీలో బనీనుతో ఆయన ఉండేవారు. అరచెయ్యి ఊపితే, లోపల ఆమె కోపంగా ఉందని అర్థం. ఇంకో టీ తాగేవాణ్ణి. వేలు కిందకి చూపి తిప్పితే ఆ కోపం దిగిందని అర్థం, మెట్లెక్కేవాణ్ణి. పాప తలుపు వెనకే కాచుకుని ఉండేది.

అప్పటికే నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. పొద్దున కాలేజీ, సాయంత్రం జిరాక్స్ షాపు. ముప్పయి దాటాక ఈ చదువేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఉడకబెట్టిన వేరుశనగలు పాపకి వలిచి పెడుతూ, రెండో చెయ్యి నా ముందు చాపేవారు. రబ్బరు పట్టీ కట్టి నరం వెతకడం నేను నేర్చుకున్నది ఆ చేతి మీదే.

"దొరికిందేటి? సూది మట్టుకు నీ కాలేజీలోనే గుచ్చుకో బాబూ" అనేవారు.

రెండో ఏడు పరీక్ష ఫీజూ పాప డబ్బూ ఒకే వారంలో మీద పడ్డాయి. ఒకటే కట్టగలను. చదువు మానేస్తానని ఆయనతో చెప్పాను. ఆయనే డబ్బు సర్దుతారేమోనని లోపల ఆశ ఉంది, దాచడమెందుకు.

ఆయన సర్దలేదు. "నానిత్తే అది తాతిచ్చిందవుద్ది. నాన్నిచ్చిందవదు" అన్నారు. "సదువు మానీడమేటి? లోడు గాల్లో ఒగ్గీసి క్రేను దిగిపోతారా ఎవులైనా? సగం ఇప్పుడు దించు. మిగతా సగం ఎప్పుడు దించుతావో దాని ఎదరే సెప్పు."

ఆమెని పిలిచారు. విషయం వినగానే "సదువు పేరు సెప్పి ఎగ్గొడతావేటి?" అంది. నాకు చర్రుమంది. నోరు తెరవబోతే ఆయన అరచెయ్యి గాల్లో అడ్డంగా ఊగింది, ముందు నా వైపు, తర్వాత ఆమె వైపు. ఆ రోజు మాత్రం ఇద్దరం ఆగాం. సగం ఇప్పుడు, సగం జీతం వచ్చిన రోజు అన్నాను. ఆమె "జీతమెప్పుడు?" అని మామూలుగా అడిగింది. చెప్పిన రోజుకి వేశాను. పరీక్షా రాశాను, పాసయ్యాను కూడా. కాపురంలో కుదరని మాట విడిపోయాక ఆ పది నిమిషాల్లో కుదిరింది. అందుకు ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

సమాధుల తోటలో సంఘ పెద్ద "అల్లుళ్లు ముందుకొచ్చి మట్టి వెయ్యండి" అన్నాడు. చివర్న, ఆయన పోర్టు స్నేహితుల వరసలో నిలబడి నా గుప్పెడు మట్టి వేసి వచ్చాను. తిరిగి వస్తూ బస్సులో ఏడ్చాను. ఆయన కోసం ఏడ్చాను. ఇక నన్ను ఆ మెట్లు ఎవరు ఎక్కనిస్తారని కూడా ఏడ్చాను.

మొన్న ఈ నెల మొదటి ఆదివారం వచ్చింది. డబ్బు ముందే వేసేశాను, దాని గురించి బెంగ లేదు. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం ఖాయమైంది, ఆ మాట పాపకి నేనే చెప్పాలని ఉంది. ఎప్పటిలాగే టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. బాల్కనీ ఖాళీగా ఉంది. దండెం మీద ఆయన బనీను కూడా లేదు. టీ అయిపోయింది. "ఇంకోటెయ్యమంటావేటి బావా?" అన్నాడు బడ్డీ అతను. వద్దని గ్లాసు పెట్టేసి వెనక్కి తిరగబోయాను.

పైన తలుపు చప్పుడైంది. పాప అనుకున్నాను. వాళ్లమ్మ వచ్చింది. సందు మొదటి దాకా చూసి, నా దగ్గర చూపు ఆపింది. పిలవలేదు, నవ్వలేదు. కుడిచెయ్యి రెయిలింగు మీంచి బయటకి చాపి, చూపుడు వేలు నేలకి చూపి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పింది.