అన్న చేసిన రాతపెట్టె

మొన్న బెల్లంపల్లిలో మా ఇంటి ముందుకు పాత ఇనుము కొనే అతను వస్తే, అటక మీది రేకుపెట్టె దించాను. మూత తీసి, "గిదేందక్కా, టీవీయా?" అన్నాడు. మా అన్న చేసిన కంప్యూటర్ అన్నాను. నమ్మినట్టు లేడు.

అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనేవాళ్లం. బాపు బొగ్గుబాయిలో మందు పేల్చే పని చేసి చేసి, రిటైర్ కాకముందే రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. అన్న టీవీలు బాగుచేసేవాడు. ఎవరో పారేసిన చిన్న టీవీ, ఏదో ఆఫీసు తుక్కులో దొరికిన కీబోర్డు, లారీ బ్యాటరీ తెచ్చి బాపు బట్టల పెట్టెలో బిగించాడు. కీబోర్డు మీద కొడితే తెర మీద అక్షరాలు తెల్లగా వెలిగేవి. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చని వాడి గొప్ప. మోస్తే మాత్రం భుజం ఊడిపోయేది. వచ్చేవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగే కూడబలుక్కుని చదివే బాపు, ఆ వయసులో పాత క్యాలెండర్ల వెనక ఏబీసీడీలు దిద్దాడు. ఏం రాసినా ముందు తెర పైమూలన 'బాపు' అని కొట్టడం అన్నకు అలవాటు. మొదటి రోజు "బాపు, బువ్వ తిన్నవా?" అని కొట్టాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఆర్నెల్లు తండ్లాడి గిదా అడిగేది? నేను చెయ్యి నోటికాడ పెడితే తెల్వదా?" బాపు మాత్రం "తిన్న బిడ్డా" అని గట్టిగా చెప్పి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

కామెర్లు ముదిరి అన్నను మంచిర్యాల ఆస్పత్రిలో చేర్చినప్పుడు, పెట్టె తెమ్మని బాపు నాకు చెప్పాడు. బస్సులో అంత బరువు ఎవరు మోస్తారు, రేపు చూద్దాంలే అని వదిలేసి వెళ్లాను. ఆ సాయంత్రం అన్న బాపు చెయ్యి పట్టుకుని, "బాపు, నాకు భయమైతుంది" అన్నాడు. పెదవులు కదలడం చూసి బాపు నావైపు తిరిగాడు. "ఏమంటుండు బిడ్డా?"

నేను చెయ్యి నోటికాడ పెట్టి చూపించాను.

"తిన్న బిడ్డా, నా ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు, అన్న తల నిమురుతూ. అన్న నావైపు ఒకసారి చూశాడు. తెల్లవారేసరికి లేడు.

పాత ఇనుము అతను పెట్టెను ఎండలోకి జరిపాడు. తెర చచ్చిపోయి ఏళ్లయింది. అయినా గాజు పైమూలన, మసకగా, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు: బాపు. ఎప్పుడూ అక్కడే వెలిగీ వెలిగీ మచ్చపడిపోయాయి. ఆ పక్కనంతా ఖాళీ.

పెట్టె ఇవ్వనన్నాను. అన్న తర్వాత బాపు పదకొండేళ్లు బతికాడు. ఆ ఖాళీలో రావాల్సిన మాట ఆయనకు చెప్పడానికి నాకు పదకొండేళ్ల కాలం దొరికింది, చెప్పే ఒక్క రోజు దొరకలేదు.