ముందు షిఫ్టువాళ్ళ మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోళ్ళు నీళ్ళు తాగే గిన్నె ఒకటుండేది. నిజానికి అది మా నాన్న టిఫిన్ క్యారియర్. కేజీఎఫ్ బంగారు గనిలో రాయి పడి పళ్ళెంలా అణిగిపోయింది. దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మా చిన్నాన్న గొడవ జరిగిన ఆదివారం నాడు మాత్రం తాతయ్య ఎత్తాడు.

తాతయ్యా నాన్నా ఇద్దరూ గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవారు. చిన్నాన్నకు కోలారు కాలేజీలో సీటు వచ్చిందని నాన్న చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ చెప్పుకున్నాడు. చిన్నాన్నేమో అప్పటికే రాబర్ట్‌సన్‌పేటలో మోటార్లకు తీగ చుట్టే అంగడిలో పని నేర్చుకుంటున్నాడు. కాలేజీకి పోను, నా అంగడి నేను పెట్టుకుంటాను అన్నాడు. నాన్న అతన్ని కాలరు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. బడి అయివారు చెప్పాడు, గని ఆఫీసు క్లర్కు చెప్పాడు, డిగ్రీ ఉంటే బతుకు గట్టిగా ఉంటుందని అందరూ చెప్పారని అరిచాడు.

తాతయ్య నన్ను పిలిచి తన ఇనప కడ్డీ తెమ్మన్నాడు. పెరట్లో బట్టలుతికే బండలు రెండుండేవి. ఒకదాని మీద నా అరచెయ్యి పెట్టించి, పక్కన బండను కడ్డీతో కొట్టాడు. ఖంగుమంది. రెండోదాని కింద మట్టిని ఎలుకలు తవ్వేశాయి. దాన్ని కొడితే డొల్లగా మోగింది, నా వేళ్ళ కింద సన్నగా వణికింది. గనిలో పనికి దిగినవాళ్ళు పైకప్పును ముందు ఇలాగే కొట్టి చూసుకుంటారట. పొద్దున గట్టిగా మోగిన రాయి సాయంత్రానికి వదులు కావచ్చు. అందుకే ఏ షిఫ్టువాళ్ళు ఆ షిఫ్టులో మళ్ళీ కొట్టి చూడాల్సిందే.

"గనిలో దిగిన కొత్తలో నిన్ను ఏంటికి కొట్టినానో చెప్పప్పా, పాప కూడా వినాల," అన్నాడు తాతయ్య నాన్నతో.

నాన్న తల దించుకునే చెప్పాడు. ముందు షిఫ్టువాళ్ళు గట్టిదన్నారని నమ్మి, రాయిని కొట్టి చూడకుండానే క్యారియర్ విప్పుకుని కూర్చున్నాడట. తాతయ్య చెంప మీద ఒకటిచ్చి పక్కకు లాగాడు. కాసేపటికే ఆ క్యారియర్ మీద రాయి పడింది.

"ఆ అయివారూ క్లర్కూ ముందు షిఫ్టోళ్ళు. వాళ్ళ కాలానికి వాళ్ళు కొట్టి చూసుకున్నారు. నువ్వు ఆ అంగడి గడప తొక్కినావా? వాడు చేసే పని చూసినావా? ఇంగ ఏం తెలిసి అరుస్తా ఉండావు?"

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ అంగడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తోట ఎండిపోతోందని బేతమంగళం రైతు ఒకాయన కాలిపోయిన మోటారు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చిన్నాన్న మా వైపు చూడకుండా పాత తీగ పీకి కొత్తది చుట్టాడు. సాయంత్రానికి మోటారు తిరిగింది. నాన్న మెచ్చుకోలేదు కానీ మళ్ళీ కాలేజీ మాట ఎత్తలేదు. నాన్న పనిచేసే గని మూతపడ్డాక మా రెండిళ్ళకూ అన్నం పెట్టింది ఆ అంగడే.

ఇక్కడితో ఆపితే తాతయ్య దేవుడైపోతాడు. అలా కానివ్వను. స్కూలు చదువయ్యాక నేనూ చిన్నాన్న అంగడిలో కూర్చుంటానన్నాను. ఆ రోజు తాతయ్య కడ్డీ ముట్టలేదు. ఆడపిల్లకు అంగడేమిటని ఒక్క మాటతో తేల్చేశాడు. ఆ ఏడాదే పెళ్ళి చేసేశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

ఇప్పుడు నా మనవరాలు పీయూసీ, అదే ఇంటర్, ముగించింది. సెలవులన్నీ చిన్నాన్న అంగడిలోనే గడిపి బోరు మోటార్లు విప్పి చుట్టడం నేర్చింది. సొంత అంగడి పెట్టాలని వేమగల్ రోడ్డులో షెడ్డు కూడా చూసుకుంది. దాని నాన్న, అంటే మా అబ్బాయి, ఇంజనీరు. వాణ్ణి నీకేం కావాలని అడక్కుండా ఇంజనీరింగులో చేర్చింది నేనే. అప్పట్లో ఆ రాయి గట్టిగానే మోగింది, వాడు బాగుపడ్డాడు. కూతురూ అదే చదవాలని ఎల్లుండి బెంగళూరు తీసుకెళ్ళి చేర్చేస్తాడట. ఆ పిల్ల మూడు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు.

"దాని షెడ్డుకు ఒక్కసారన్నా పోయినావా?" అని నిన్న వాణ్ణి అడిగాను.

"పోయి చూసేదేముందమ్మా, అందరూ చెప్తా ఉండారు కదా," అన్నాడు.

అచ్చం మా నాన్న గొంతు. నా ఒళ్ళు మండిపోయింది. చదువు చెడ్డదని నేననను. ఆ షెడ్డే డొల్లదైనా కావచ్చు. వెళ్ళి చూసి ఆ మాట చెప్పమంటున్నాను, అంతే.

దాని మార్కుల కార్డులూ సర్టిఫికెట్లూ అన్నీ నా ట్రంకు పెట్టెలో వేసి తాళం బిగించాను. తాళంచెవి నా కొంగున ఉంది. వాడు షెడ్డుకు వెళ్ళి, కూతురి పక్కన కూర్చుని, అది ఒక మోటారు చుట్టేదాకా చూసి వస్తే తీస్తాను. అంతదాకా ఎంత అరిచినా అరవనీ. డెబ్బై దాటిన ఈ చేతికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం చేతకాదు. ఎలుకలు తవ్విన ఆ బండ వణుకు మాత్రం వేళ్ళకు ఇంకా తెలుస్తోంది.