మా బావ డౌన్‌లోడ్ చేసిన ఆటలు

మా అక్క భర్త లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. నేను అబిడ్స్‌లో, ఒక పాత భవనం మెట్ల కింద కూర్చుని కంప్యూటర్లు బాగుచేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పని అదే. ఇలాంటి బావమరిదిని కూతవేటు దూరంలో పెట్టుకుని, కంప్యూటర్ కొనేటప్పుడు ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చి, హాల్లో బల్లమీద అక్క అల్లిన గుడ్డ పరిచి, దానిమీద నిలబెట్టి, అప్పుడు ఫోన్ చేశాడు, వచ్చి చూసిపొమ్మని.

వెళ్లి చూశాను. టిఫిన్ డబ్బా కన్నా కాస్త పెద్దది. ఏదో కౌంటర్లో ఏళ్ల తరబడి రసీదులు కొట్టి కొట్టి, ఇక చాలని తీసేసిన రకం. లోపల ఫ్యాన్ కూడా లేదు. రోజంతా ఆన్‌లో ఉన్నా ఒక బల్బుకు అయ్యేంత కరెంటు కూడా కాదు. ఉత్తరాలు రాసుకోవడానికి సరిపోతుంది. మా బావ కొన్నది ఉత్తరాల కోసం కాదు.

"గేమ్స్ బామ్మర్దీ! పెద్ద పెద్ద గేమ్స్ వారం వారం ఫ్రీగ ఇస్తున్నరు. నేను ఆఫీసుల కూసున్నా సరే, ఇది దించుకుంటనే ఉంటది. అడిషనల్ డిస్క్ గూడ పెట్టిన."

"గీ డబ్బ మీద అవి నడ్వయి బావా."

"నడిపేటిదెవరు? జమ చేస్తున్న. పోతె మళ్ల దొర్కయి."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తిని నేను చాలామంది ముఖాల్లో చూశాను. చదవని పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లు, విప్పని గాజుగ్లాసుల సెట్టును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్లు అలాగే నవ్వుతారు. మా బావకు ఆట అంటే పేరు, పక్కన సైజు. అందులో యుద్ధం ఉందో, కారు పందెం ఉందో తెలియదు. సైజు ఎంత పెద్దదైతే ఆట అంత గొప్పదని ఆయన నమ్మకం. చాదర్‌ఘాట్‌లో మా చిన్నాన్నవాళ్ల గృహప్రవేశానికి వెళ్తే, చేతిలో భోజనం ప్లేటు పట్టుకునే ఫోన్ తీసి లిస్టు ఫొటో అందరికీ తిప్పి చూపించాడు. "మూడొందలు దాటినయ్" అన్నాడు. ఎవరో ముసలాయన "ఏంది నాయనా, మూడొందలు?" అని అడిగితే, దానికి కూడా మురిసిపోయాడు. నాకు సిగ్గేసి మజ్జిగ కోసం వెళ్తున్నట్టు లేచిపోయాను.

ఎండాకాలంలో ఒకరోజు ఆ డబ్బా మొరాయించింది. ఇప్పుడు మాత్రం నేను గుర్తొచ్చాను. "జర చూడు బామ్మర్దీ, ఏది నొక్కినా గుండ్రంగ తిరుగుతనే ఉన్నది" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. ఆయన ఆఫీసులో ఉన్నాడు. అక్క ఒంటిపూట బడి నుంచి అప్పుడే వచ్చి, వంటింట్లో పిండి కలుపుతోంది. లెక్కల టీచరమ్మ.

జబ్బేమీ లేదు. డిస్కులు రెండూ అంచుదాకా నిండిపోయి ఊపిరాడక ఆగిపోయింది. చెత్త ఫైళ్లు కొన్ని తుడిచి కాస్త ఊపిరి పోసి, ఏవి తీసేయాలో చూద్దామని లిస్టు తెరిచాను. ఒక్కో ఆట పక్కన దాన్ని ఎన్ని గంటలు ఆడారో రాసి ఉంటుంది. సున్నా. సున్నా. సున్నా. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపాను. నవ్వు ఆపుకోలేకపోయాను. ఎక్కడో అట్టడుగున, పట్టాలు వేసి ఊళ్ల మధ్య రైళ్లు నడిపించే పాతకాలపు చిన్న ఆట ఒకటి ఉంది. ఆ డబ్బా మోయగలిగేది అదొక్కటే. దాని పక్కన నాలుగు వందల పై చిలుకు గంటలు.

"అక్కా, బావ దొంగచాటుగ రైళ్లు నడుపుతున్నడే!" అని అరిచాను. ఈ ఒక్క సంగతి పట్టుకుని ఆయన్ని ఏడాదిపాటు ఏడిపించవచ్చనుకున్నాను.

అక్క పిండి చేతులతోనే గుమ్మం దాకా వచ్చింది. "ఆయన కాదు. నేనే."

చేతులు కడుక్కుని వచ్చి, నన్ను పక్కకు జరిపి కూర్చుంది. ఆట తెరిచింది. తెరనిండా ఊళ్లు, వంతెనలు, ఒకదాని కోసం ఒకటి ఆగే రైళ్లు. ఒక జంక్షన్ దగ్గర రెండు బళ్లు ఎదురెదురుగా ఇరుక్కుంటే, ఒక్క సిగ్నల్ మార్చి రెండింటినీ విడిపించింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూనే.

"బావకు ఎరుకనా?"

"లేదు. చెప్పకు తమ్మీ. చెప్తే దీన్ని గూడ అందరికి చూపెట్టుకుంట తిరుగుతడు."

సాయంత్రం బావ వచ్చాడు. ఖాళీ చేయాలని చెప్పాను. ఏదో అవయవం కోస్తానన్నట్టు కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు ఆలోచించి, "గట్లయితె గా కిందున్నయి తీసెయ్. చిన్న చిన్నవి, పాతవి. గా రైళ్లది గిట్లా. ఎవడాడ్తడు?" అన్నాడు.

వంటింట్లో చపాతీ కర్ర చప్పుడు ఆగిపోయింది.

"సరే బావా. మీరు చాయ్ తాగుండ్రి" అన్నాను. ఆయన బాల్కనీలోకి వెళ్లగానే పైనుంచి మొదలుపెట్టి, అన్నిటికన్నా బరువైనవి తొంభై దాకా తీసేశాను. జీవితంలో ఏ పనీ అంత సంతోషంగా చేయలేదు. డిస్కులోంచి తీసినా లిస్టులో పేర్లు అలాగే ఉంటాయి, అక్షరాలు మాత్రం కొంచెం మసకబారుతాయి. మా బావ వచ్చి, పైన ఉన్న సంఖ్య ఒక్కటే చూశాడు.

"ఒక్కటి గూడ తగ్గలే! మస్తు పని చేసినవ్ బామ్మర్దీ!"

ఏడాది దాటింది. తొంభై ఆటలు పోయాయని ఆయనకు ఈ రోజుకీ తెలియదు. ఆఫీసులో ఇప్పుడు కొత్తవాళ్లకు కూడా చూపిస్తున్నాడట. వాటిని తీసేసినందుకు నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే అక్క మెట్ల దాకా వచ్చింది. నేను చెప్పులేసుకుంటూ, కంప్యూటర్లన్నీ నాకే తెలుసన్న గొంతుతోనే అడిగాను: "గింత ఎవరు నేర్పిన్రే నీకు?"

ఆమె నావైపు చూసిన చూపు, నేను మా బావను చూసే చూపే.

"ఎవరన్న నేర్పాల్నా?" అని లోపలికి వెళ్లిపోయింది.