ఎంటర్ కొట్టే ముందు

మా కంప్యూటర్ సెక్షన్ పెద్దాయన పోయారన్న కబురు పోయిన సోమవారం పొద్దున ఫోన్లో అందింది. అప్పుడు నేను ఆఫీసులో నల్ల తెర ముందు కూర్చుని, ఒక మేనేజరు క్యాలెండరు ఆయన పీఏకు ఎందుకు కనిపించడం లేదో వెతుకుతున్నాను. కమాండు కొడుతున్నాను, ఎర్ర అక్షరాలు వస్తున్నాయి, మళ్లీ కొడుతున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఇంకో రెండుసార్లు కొట్టాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

నేను చేసే పని చెబితే గోదావరిఖనిలో మా చుట్టాలు నవ్వుతారు. బొగ్గు తవ్వే కంపెనీలో మెయిల్ క్యాలెండర్లు చూసుకోవడానికి కూడా మనుషులుంటారా అంటారు. ఉంటాం. ఎవరి మీటింగు ఎవరికి కనబడాలి, బదిలీ అయినవాళ్ల మీటింగులు ఎవరికి అప్పగించాలి, అంతా కమాండ్లతోనే. ఆ కమాండ్లు నడిపే టూలు ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు. పలకనిరోజు అందరూ మమ్మల్నే తిడతారు. పెద్దాయన మాత్రం ఎర్ర అక్షరాలను తీరిగ్గా మొత్తం చదివేవారు. "అది తిడ్తలేదు బిడ్డా, ఏం తక్కువైందో చెప్తాంది. సగం చదివి కొట్లాడితె ఎట్ల?" అనేవారు. తీరా చూస్తే నేనే వేరే అకౌంటుతో లాగిన్ అయి ఉండేదాన్ని.

ఆయన మొదట బొగ్గుబాయి దిగిన మనిషి. బొగ్గు నింపిన టబ్బులను పైకి లాగే తాడు దగ్గర గంటలు కొట్టే పని. కింద నుంచి ఎన్ని గంటలు కొడితే ఇంజను దగ్గరున్నవాడు అన్నే తిరిగి కొట్టాలి, అప్పుడే తాడు కదులుతుంది. కాలు నలిగాక ఆయన్ను పైన ఆఫీసుకు పంపారు. కంప్యూటరు ముందుకొచ్చినా ఆ అలవాటు పోలేదు. మేం కమాండు టైపు చేసి పైకి చదవాలి, అది ఏం చేస్తుందో పక్కవాళ్లు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే ఎంటర్. మాకది చాదస్తంగా ఉండేది. ఆయన టీకి వెళ్లినప్పుడు చకచకా కొట్టేసి బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్లం.

కొన్నేళ్ల కింద అట్లాంటి ఒక టీ వేళలోనే నేను తప్పు చేశాను. జబ్బుపడి పని చేయలేని కార్మికులను పరీక్షించే మెడికల్ బోర్డు డాక్టరు బదిలీ అయ్యారు. ఆయన క్యాలెండరులో ఉన్న బోర్డు తేదీలను కొత్త డాక్టరుకు అప్పగించి, ఆ తర్వాత పాతవి తీసెయ్యాలి. పొద్దున్నుంచి టూలు కనెక్టు కాక విసిగిపోయి ఉన్నాను. కాగానే, అప్పగించకుండానే, ఎవరికీ చదివి వినిపించకుండానే అన్నీ తీసేశాను. బోర్డు రద్దయిందని గనుల ఆఫీసులన్నిటికీ వాటంతటవే నోటీసులు వెళ్లిపోయాయి. మర్నాడే బోర్డు.

రావలసినవాళ్లలో కమాన్‌పూర్ వైపు కార్మికుడొకాయన ఉన్నాడు. బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ అంటేనే ఆయన బదులు కూతురికి ఉద్యోగం. అందుకు రిటైర్మెంటుకు ముందు ఇంత సర్వీసు మిగిలి ఉండాలని లెక్క, ఆ వారం దాటితే ఆయనకు ఆ గడువు దాటిపోతుంది, ఇంకో అవకాశం లేదు.

పెద్దాయన తిట్టలేదు. "ఏం కొట్టినవ్? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు. నోటీసులు ఎవరెవరికి చేరాయో నాతోనే జాబితా తీయించి, ఒక్కో గనికి ఫోన్ చేశారు. "రేపు బోర్డు ఉన్నది. ఎన్ని గంటలకో తిరిగి చెప్పన్నా" అని అవతలివాళ్లు చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు. కమాన్‌పూర్ ఆయనకు మాత్రం అప్పటికే బోర్డు లేదని చెప్పేశారు. ఆయన ఫోన్ కలవడం లేదు. పెద్దాయన ఆ నలిగిన కాలితోనే స్కూటరెక్కారు. నేనూ వస్తానంటే, "నువ్వు కొత్త డాక్టరు సారు క్యాలెండర్ల అన్ని మళ్ల ఎక్కియ్యి. గీసారి చదువుకుంట" అన్నారు. సాయంత్రం వచ్చి, "చెప్పిన. తిరిగి చెప్పిండు. ఫికర్ చెయ్యకు" అన్నారు. అంతే. ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గండం గడిచిందని సంతోషించాను కూడా, దాచడమెందుకు.

మొన్న పెద్దాయన క్వార్టరు ముందు షామియానా కింద పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, కంపెనీ యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి నా పక్కన కూర్చుని తనే చెప్పింది. "మాది కమాన్‌పూర్ దిక్కక్కా. నాకు ఈ నౌకరి ఈ తాత వల్లనే. బోర్డు లేదన్నరని బాపు మస్తు కోపంల ఉండె. ఈ తాత వచ్చి దండం పెట్టిండు. 'తప్పు నాది, నా చేతులతోనే అయింది, నన్ను తిట్టు గని రేపు జల్ది రా' అన్నడు. బాపు నోటికొచ్చినట్టు తిట్టిండు. నిలవడి అన్ని విన్నడు."

ఇన్నేళ్లూ నా తప్పుకు ఎవరూ మాట పడలేదనే అనుకున్నాను.

"ఆయన కాదమ్మా. అది చేసింది నేను" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "అయితె ఆ మాట బాపుకు చెప్పక్కా" అంది. "అంతగనం తిట్టిన మొఖంతోటి లోపలికెట్ల రావాలె అని బయటనే ఉన్నడు."

లేచి వెళ్లాను. గేటు అవతల ఎండలో ఒక ముసలాయన, భుజమ్మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, ఆ ఇంటి మనిషిననుకుని, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.