రాజరత్నం మాస్టారి బోర్డు

ముందే చెప్పేస్తున్నానండీ, రాజరత్నం మాస్టారంటే నాకు కుళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒకే బళ్ళో పనిచేశాం. ఆయన సోషల్ మాస్టారు, నేను ఆఫీసులో గుమస్తాని. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదింకా మంట. ఒకసారైనా తిట్టి ఉంటే, తిట్టాడు కాబట్టి నాకు పడదు అని నలుగురికీ చెప్పుకునేవాణ్ణి.

మా హైస్కూలు పెనుగొండకి నాలుగు కిలోమీటర్లు, కాలవ గట్టు పక్కన. గేటు దాటగానే ఎడం చేతి గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. పైన తెల్ల పెయింటుతో ‘నేటి వింత’ అని రాసుండేది. రోజూ మొదటి గంట కొట్టకముందే రాజరత్నం గారు సైకిలుకి స్టాండు వేసి, ప్యాంటు కాలికి పెట్టుకున్న క్లిప్పు కూడా తియ్యకుండా, జేబులోంచి సుద్దముక్క తీసి రెండు మూడు వాక్యాలు రాసేవారు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయనీ, గుడ్లగూబ కనుగుడ్లు తిప్పలేదు కాబట్టే తల తిప్పుతుందనీ, ఇలాంటివి. రేడియోలో విన్నవి కొన్ని, పొట్లాల కాగితాల్లో దొరికినవి కొన్ని. బజ్జీలు తినేసి కాగితం పారేసే మనిషి కాదు లెండి ఆయన, నూనె మరక కింద ఉన్నది కూడా వెలుతురుకి పెట్టి చదివేవారు. కింద సంతకం పెట్టేవారు కాదు. ఆ గుండ్రటి అక్షరాలే ఆయన సంతకం. వాళ్ళ నాన్నగారు లూథరన్ చర్చి వాకిట్లో ఆదివారం వాక్యం రాసేవారట, ఆ రాత ఈయనకొచ్చింది.

పిల్లలు గుంపుగా నిలబడి చదివేవారు. పాలక్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు సైకిలు దిగి చదివి పోయేవారు. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొచ్చినా హెడ్మాస్టారు ముందు ఆ బోర్డు దగ్గరికే తీసుకెళ్ళేవారు. మరి నేనో? టీసీలు రాసేది నేను, స్కాలర్‌షిప్ కాగితాలు పంపేది నేను, పదో తరగతి నామినల్ రోల్స్ తప్పులు లేకుండా తయారుచేసేది నేను. నా రాతని ఎవడాగి చదివాడండీ? టీసీ చేతికిస్తే పేరు సరిగ్గా పడిందా లేదా చూసుకుని మడిచి జేబులో పెట్టుకోవడమేగా!

సరే, బళ్ళో అంటే ఓర్చుకుందును. ఆయన మా ఇంట్లోకి కూడా వచ్చేశాడు. మా అమ్మాయి సూర్యకళ ఆరు నుంచి పది దాకా అక్కడే చదివింది. దానికో లాంగ్ నోట్‌బుక్కు. రోజూ ఆ బోర్డు మీది వింత అందులోకి ఎక్కాల్సిందే, పక్కన ఎర్ర ఇంకుతో తారీఖు పడాల్సిందే. రాత్రి అన్నం దగ్గర కూర్చోగానే మొదలు.

“నాన్నా, ఇవాళ మాస్టారు ఏం రాశారో తెలుసా?”

“నేనూ ఆ గేట్లోంచే వస్తానమ్మా.”

“అయితే చదివావా?”

“నాకు పనుండదనుకున్నావా?” అనేవాణ్ణి.

పచ్చి అబద్ధం. అందరికంటే ముందు చదివేది నేనే. ఎవరైనా చూస్తారేమోనని గొడుగు అడ్డం పెట్టుకుని, ఓరకంట చదువుకుంటూ పోయేవాణ్ణి. మా ఆవిడకి అంతా తెలుసు. “ఏంటండీ ఆ మొహం! పిల్ల మాస్టార్ని మెచ్చుకుంటే మీ సొమ్మేం పోయింది?” అనేది. ఏం పోయిందా? కన్నకూతురు వేరే మనిషి రాతని అలా దాచుకుంటుంటే, తండ్రన్నవాడికి ఏం పోతుందో ఆడవాళ్ళకెలా చెప్పను?

రెండువేల ఒకటిలో ఆయన రిటైరయ్యారు. దండలేశారు, శాలువా కప్పారు, పిల్లలు ఏడ్చారు. నేను కూడా చప్పట్లు కొట్టాను, గట్టిగానే కొట్టాను. మర్నాటి నుంచి బోర్డు నాది కదా! అప్పటికి తణుకులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి, వారానికి సరిపడా వింతలు కాగితం మీద రాసుకొచ్చేవాణ్ణి. పొట్లాల కాగితాలు ఎక్కడ, ప్రపంచం మొత్తం ఎక్కడ! అయినా ఏం లాభం? రెండు రోజులు చూశారు, మూడో రోజు నుంచి నా ముందే నడిచి పోయారు. ఒకనాడు నేను రాసినదాని కింద ఎవడో గడుగ్గాయి ‘ఈ రోజు కూర ఏంటి?’ అని రాశాడు. దాని దగ్గర మాత్రం అందరూ ఆగి నవ్వారు.

నేనూ రెండువేల అయిదులో రిటైరయ్యాను. కానీ నెట్ పిచ్చి మాత్రం పోలేదు. పెనుగొండలో వెంకటదుర్గ అనే అమ్మాయి నెట్ సెంటర్ పెడితే, పొద్దున్న టిఫిన్ అవగానే అక్కడ తేలేవాణ్ణి. తెలుగులో టైపు చెయ్యడం కూడా ఆ అమ్మాయే నేర్పింది. ఏదో ఒక మాట కొట్టడం, ఏమొస్తుందో చూడడం, అదే కాలక్షేపం. చిన్నప్పుడు మేం వాడిన హరికేన్ లాంతరు బొమ్మ వచ్చింది, చూసి మురిసిపోయాను. ఇంకులో ముంచి రాసే పాళీల్ని ఎక్కడో పోగుచేసుకునే పిచ్చివాడు ఒకడున్నాడని తెలిసింది, భలేవాడే అనుకున్నాను.

రెండువేల ఎనిమిదిలో ఒకరోజు నా పేరే కొట్టి చూశాను. చంద్రరావు. ఎవరెవరో చంద్రరావులు వచ్చారు, నేను రాలేదు. ఊరి పేరు కలిపి కొట్టాను, అయినా లేను. పోనీలే అనుకుని లేవబోతుంటే బుద్ధి ఊరుకుంటుందా? ‘రాజరత్నం మాస్టారు నేటి వింత’ అని కొట్టాను.

వచ్చేశాడండీ మహానుభావుడు! మొట్టమొదటి వరసలోనే!

“ఇదేదో బ్లాగండి, డైరీలాగా రాసుకుంటారు,” అంది వెంకటదుర్గ, భుజం మీంచి తొంగిచూసి. “ఏంటండీ, రాసింది సూర్యకళ గారట, మీ అమ్మాయి పేరే కదండీ?”

మా అమ్మాయే. విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేస్తోంది. బ్లాగు సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. మాస్టారి గురించి ఇంత పొడుగున రాసింది. సైకిలు, క్లిప్పు, సుద్దముక్క, అన్నీ. నేను చదువుతూ పోతున్నాను, నా పేరు ఎక్కడైనా తగులుతుందేమోనని. చివర్లో ఇది ఉంది:

‘నోట్‌బుక్కులో రాసుకున్నవన్నీ మర్చిపోయాను. ఒక్కటి మర్చిపోలేదు. ఎనిమిదో తరగతిలో మాస్టారికి కళ్ళకలక వచ్చి వారం రోజులు బడికి రాలేదు. మంచంలో ఉండి కూడా ఎవరిచేతో అచ్చం తన అక్షరాల్లాగే బోర్డు మీద రాయించారు. “మీరు రోజూ వినే ఈ గంట ఒకప్పుడు రైళ్ళని మోసింది. నమ్మకపోతే వెనక్కి వెళ్ళి తడిమి చూడండి.” మా బడి గంటంటే చెట్టుకి వేలాడదీసిన ఇనపముక్క. మేమంతా పరిగెత్తాం. తుప్పు కింద వేళ్ళకి అంకెలు తగిలాయి. 1903. అది రైలు పట్టా అని, అంతకాలంగా మా నెత్తి మీదే ఉందని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఏ వస్తువు చేతికొచ్చినా వెనక్కి తిప్పి చూడనిదే నాకు తోచదు. మా మాస్టారు నాకిచ్చింది అది.’

మాస్టారట! మాస్టారు ఇచ్చారట!

అది రాసింది నేనండీ! తొంభై నాలుగులో, అదే కళ్ళకలక వారంలో, బోర్డు ఖాళీగా ఉంటే బాగోదు, ఏదో ఒకటి రాయవయ్యా అన్నారు హెడ్మాస్టారు. అంతకు ముందు నెల గంటకి కట్టిన వైరు తెగితే ఆ పట్టా ముక్కని పట్టుకున్నది నేను. అంకెలు నా అరచేతికే తగిలాయి. ఏ పేపర్లోనూ, ఏ రేడియోలోనూ లేని సంగతి. రాశాను. అయితే చిన్న పంతం, ఆయనలా నేనూ రాయగలనని. ఆయన గుండ్రాలే గుండ్రాలుగా అచ్చు దింపాను, సంతకం కూడా పెట్టలేదు. ఆ రాత్రి సూర్యకళ అన్నం కూడా తినకుండా ఒకటే చెప్పడం, “మాస్టారు మంచంలో ఉండి కూడా రాయించారు నాన్నా!” అని. అప్పుడే చెప్పొచ్చుగా అంటారు. చెప్పలేదు. నా కూతురే కనిపెట్టాలని అలిగి కూర్చున్నాను. పధ్నాలుగేళ్ళు కూర్చున్నాను.

ఫోన్ చేసి చెబుదామా? అరవై దాటాక మా నాన్న సుద్దముక్క రాతకి పోట్లాడుతున్నాడని నవ్వుతుంది. పోనీ, నమ్మినట్టు నటిస్తుంది, అది మరీ దారుణం. మాస్టారి నోటితోనే చెప్పించాలి. ‘అది నేను రాయలేదు, చంద్రరావు గారు రాశారు’ అని ఆయన అనాలి, ఆ మాట నేను ఆ బ్లాగు కింద పెట్టాలి. ఆయన అబద్ధమాడరు, ఆ సంగతి నాకు తెలుసు. వెంకటదుర్గ చేత ఆ రెండు పేజీలు ప్రింటు తీయించుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

ఆయనకి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. బళ్ళో వాళ్ళందరూ వెళ్ళి పలకరించి వచ్చారు, నేనే వెళ్ళలేదు. నన్ను చూడగానే వాళ్ళావిడ దేవకుమారి గారు “రండి రండి చంద్రరావు గారూ” అని ఎంతో సంతోషపడిపోయింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మాస్టారు వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది.

“ఎవరండీ?” అన్నారు నన్ను చూసి.

“బడి గుమస్తా గారండీ, చంద్రరావు గారు,” అని చెప్పిందావిడ. ఆయన ‘ఆయ్’ అన్నారు గానీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆవిడ నా వైపు తిరిగి మెల్లిగా అంది: “ఎవరొచ్చినా ఇంతేనండి. బడన్న మాటే గుర్తు లేదు. ఏం చేసేవాణ్ణి నేను, అని రోజూ నన్నడుగుతారు.”

ఇంక నేనేం చెప్పించను? లేచి వచ్చేద్దామనుకున్నాను. చేతిలో కాగితాలు చూసి “ఏంటండీ అవి?” అందావిడ. చెప్పక తప్పలేదు. “మా అమ్మాయి మాస్టారి గురించి ఇంటర్నెట్‌లో రాసిందండి,” అన్నాను. “చదవండి, చదవండి,” అని ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

చదివాను. సైకిలు వచ్చింది, సుద్దముక్క వచ్చింది, ఆయనలో చలనం లేదు. చివరి ముక్కకొచ్చాను. ‘మీరు రోజూ వినే ఈ గంట ఒకప్పుడు రైళ్ళని మోసింది’ అని చదివానో లేదో, ఆయన మెడ తిరిగింది.

“వెనక్కి వెళ్ళి తడిమి చూడండి,” అన్నారు. నేనింకా ఆ మాట చదవనే లేదు.

దేవకుమారి గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“పిల్లలు పరిగెత్తారండీ,” అన్నారాయన. మాట ముద్దగా వస్తోంది గానీ తెలుస్తోంది. “అందరికీ చేతుల నిండా తుప్పు. నేను... నేను మాస్టార్ని కదండీ?”

“మాస్టారేనండి,” అంది ఆవిడ ఏడుస్తూ.

ఆయన నా కేసి చూశారు. ఈసారి కళ్ళు నా మీదే ఉన్నాయి. “అది నేనే రాశాను కదండీ?”

‘కాదు, నేను’ అనబోయాను. ఆ వారం ఆయన మెడికల్ లీవు, సర్వీసు రిజిస్టర్లో నా చేత్తోనే ఎక్కించాను. ఆ వాక్యం, ఆ తుప్పు చేతులు, అన్నీ తిరిగొచ్చాక పిల్లలు చెప్పగా విన్నవే. బుర్రలో ఇన్నేళ్ళ బడీ తుడిచిపెట్టుకుపోయి ఒకే ఒక్కటి మిగిలితే, ఆ ఒక్కటీ నాదే కావాలా ఈ మనిషికి? కూతుర్ని తీసుకున్నాడు, ఇప్పుడిది కూడానా? ఒళ్ళంతా మండిపోయిందండీ, దాచుకోవడం దేనికి!

“మీరే రాశారు మాస్టారూ,” అన్నాను.

ఆయన నవ్వారు. ఒక పక్కకే వచ్చింది నవ్వు. “ఆ గంట ముక్క మళ్ళీ ఒకసారి చదవండి,” అన్నారు.

కాగితం సరిచేసుకుని మళ్ళీ చదివాను. మొదటిసారి కంటే బాగా చదివాను. నా వాక్యం కదండీ మరి.